మిగతా తొమ్మిది వంతులు

విశ్వాసంతో వ్యాపారం చేయడమంటే ఏమిటి? ఒక చాక్లెట్ కుటుంబం నూరేళ్ల కిందట ఈ ప్రశ్నకు చాలా దూరం జవాబు చెప్పింది. ఆ జవాబు ఎక్కడ ఆగిపోయిందో కూడా మనం తెలుసుకోవాలి.

1909 చివర్లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ కోర్టులో ఒక పరువునష్టం దావా విచారణకు వచ్చింది. దావా వేసింది క్యాడ్‌బరీ కంపెనీ. లండన్‌లో వెలువడే ‘స్టాండర్డ్’ పత్రిక తమను కపటులన్నట్టు రాసిందని వారి ఫిర్యాదు. పత్రిక తరఫున వాదించిన ఎడ్వర్డ్ కార్సన్ ఆ కాలంలో పేరుమోసిన లాయరు. బోనులో నిలబడ్డ విలియం క్యాడ్‌బరీని ఆయన ఒక ప్రశ్న అడిగారు. కోకో తోటల్లో బానిసలున్నారన్న సంగతి చెవిన పడిన నాటి నుంచి ఆ కోకో కొనడం ఆపేదాకా గడిచిన ఎనిమిదేళ్లలో, మీ కోకో కోసం ఎంతమంది బానిసలు ప్రాణాలు పోగొట్టుకున్నారో ఎప్పుడైనా లెక్క వేసుకున్నారా అని. లేదని విలియం ఒప్పుకున్నారు.

ఆ మాట ఏ కరకు గుండె దొర నోటి నుంచో వచ్చి ఉంటే ఇప్పుడు తలుచుకోవలసిన పనే లేదు. కానీ ఆ కుటుంబం అటువంటిది కాదు. వాళ్ల ఫ్యాక్టరీలో పొద్దున్నే ప్రార్థన, బైబిలు పఠనం అయ్యాకే యంత్రాలు కదిలిన రోజులున్నాయి. బ్రిటన్‌లో కార్మికులు మురికివాడల్లో ఇరుకు గదుల్లో బతుకుతున్న కాలంలో తోట ఉన్న ఇల్లు ఎలా ఉండాలో కట్టి చూపించిన మనుషులు వాళ్లు. దేవుడి మాటను వ్యాపారంలో పాటించాలని నిజంగా, నిండు మనసుతో పూనుకున్నవాళ్లు. అందుకే వాళ్ల కథ మనకు కావాలి.

మన దగ్గరా ఆ పూనిక ఉన్నవాళ్లు తక్కువేమీ కాదు. గుంటూరు నుంచి గోదావరి జిల్లాల దాకా, హైదరాబాద్ శివార్ల నుంచి ఖమ్మం దాకా ఏ బజారులో నడిచినా ‘యెహోవా యీరే’ కిరాణా, ‘హోసన్నా’ మొబైల్స్, ‘షాలోం’ ఫర్నిచర్ వంటి బోర్డులు కనిపిస్తాయి. కొత్త షాపు తెరిస్తే పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేస్తారు. కౌంటరు వెనక గోడ మీద వాక్యం ఉంటుంది. ఆదివారం షట్టరు దించేస్తారు. నెల తిరగ్గానే దశమ భాగం తీసి పక్కన పెడతారు. వీటిలో ఏదీ చిన్న విషయం కాదు. పక్కషాపు కిటకిటలాడే ఆదివారం నాడు తన షట్టరు దించాలంటే గుండెధైర్యం కావాలి.

అయితే బైబిలు వ్యాపారం గురించి మాట్లాడిన చోటల్లా ఎక్కువగా కనిపించేవి త్రాసు, కూలి. లేవీయకాండం 19వ అధ్యాయం తూనికలు, కొలతలు సరిగా ఉండాలంటుంది. ద్వితీయోపదేశకాండం 25వ అధ్యాయం కొనడానికి ఒక తూనికరాయి, అమ్మడానికి ఒకటి సంచిలో ఉంచుకోవద్దంటుంది. అదే పుస్తకం 24వ అధ్యాయంలో పేదవాడి కూలి పొద్దు గుంకకముందే ఇచ్చేయాలన్న ఆజ్ఞ ఉంది. పొలం కోసిన కూలీకి ఎగ్గొట్టిన డబ్బు దేవుడికి మొర పెడుతుందని యాకోబు పత్రిక 5వ అధ్యాయం హెచ్చరిస్తుంది. షాపులో ఎవరు ప్రార్థించారన్నదాని కంటే, షాపు వల్ల ఎవరి కడుపు మాడిందన్న ప్రశ్నే ఈ మాటల్లో ఉంది.

బేరం లేని కొట్లు

క్యాడ్‌బరీలు క్వేకర్లు. 17వ శతాబ్దం మధ్యలో జార్జ్ ఫాక్స్ బోధలతో ఇంగ్లండ్‌లో పుట్టిన క్రైస్తవ సంఘమది. పాదిరీ ఉండడు, పాట ఉండదు. అందరూ మౌనంగా కూర్చుంటారు, దేవుడు మాట్లాడించినవారు లేచి మాట్లాడతారు. ప్రమాణం చేయరు. ప్రభువు మత్తయి సువార్తలో అవునంటే అవును, కాదంటే కాదు అన్నట్టే ఉండమన్నాడు కాబట్టి, కోర్టులో ప్రమాణం చేసి చెప్పే మాటొకటి, బజారులో చెప్పే మాటొకటి ఉండకూడదని వాళ్ల పట్టుదల. యుద్ధం చేయరు. రాజు చర్చికి చెందనివారు కనుక ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ చదువులు 19వ శతాబ్దంలో చాలాకాలం దాకా వారికి అందలేదు. సైన్యం లేదు, పెద్ద చదువూ లేదు. మిగిలింది వ్యాపారం.

ఆ వ్యాపారాన్ని కూడా వాళ్లు తమ తీరులోనే చేశారు. సరుకుకు ఒకటే ధర చెప్పేవారు. పది చెప్పి ఏడుకు ఇచ్చేవాడు మొదట చెప్పింది అబద్ధమే కదా అన్నది వాళ్ల వాదన. బేరాలే బజారుకు ప్రాణమైన రోజుల్లో ఇది జనానికి వింతగా తోచింది, మొదట్లో గిరాకీ కూడా తగ్గింది. తర్వాత చిన్నపిల్లను పంపినా పెద్దవాళ్లకిచ్చిన ధరకే సరుకు దొరుకుతుందని తెలిసి జనం వెతుక్కుంటూ వచ్చారు. బార్‌క్లేస్, లాయిడ్స్ బ్యాంకులు, క్లార్క్స్ చెప్పులు, బ్రిస్టల్‌లో ఫ్రై, యార్క్‌లో రౌన్‌ట్రీ, బర్మింగ్‌హామ్‌లో క్యాడ్‌బరీ చాక్లెట్లు క్వేకర్ల చేతుల్లో మొదలైనవే.

దీని వెనక ఉన్న కట్టుబాటును మనవాళ్లు పెద్దగా గమనించరు. క్వేకర్లలో ఒక మనిషి వ్యాపారం అతని సొంత విషయం కాదు. అప్పులు తాహతుకు మించకూడదని, లెక్కలు సరిగా ఉంచుకోవాలని సంఘం రాతపూర్వకంగా సలహాలిచ్చేది. ఎవరి వ్యాపారమైనా తేడాగా ఉందనిపిస్తే పెద్దలు ఇంటికి వెళ్లి అడిగేవారు. దివాలా తీసి అప్పులవాళ్లను ముంచితే సంఘం నుంచి వెలివేసేవారు. జైళ్ల సంస్కరణకు జీవితాన్ని ధారపోసిన ఎలిజబెత్ ఫ్రై పేరు యూరప్ అంతా మారుమోగుతున్న రోజుల్లో, 1828లో, ఆమె భర్త జోసెఫ్ ఫ్రై బ్యాంకు దివాలా తీసింది. భార్య ఎంతటి పుణ్యాత్మురాలని సంఘం చూడలేదు. ఆయన్ను వెలివేసింది. ఇది కఠినమే. కానీ ఒకరి దివాలాతో ఎందరి కష్టార్జితం కొట్టుకుపోతుందో వాళ్లకు తెలుసు.

కోకోలో బంగాళదుంప పిండి

1824లో జాన్ క్యాడ్‌బరీ బర్మింగ్‌హామ్‌లోని బుల్ స్ట్రీట్‌లో టీ, కాఫీ, కోకో అమ్మే కొట్టు పెట్టారు. మద్యం ఇళ్లను ఎలా కూలుస్తోందో చూసిన మనిషి. దాని బదులు జనం తాగే పానీయం కావాలనుకున్నారు. 1831లో తయారీ మొదలుపెట్టారు. 1861లో వ్యాపారం కొడుకులు రిచర్డ్, జార్జ్‌ల చేతికి వచ్చేసరికి అది మునిగిపోయే స్థితిలో ఉంది. తల్లి ద్వారా వచ్చిన ఆస్తిని ఇద్దరూ అందులో పోశారు.

అప్పట్లో కోకో అంటే కోకో కాదు. గింజలోని కొవ్వు కప్పులో పైకి తేలకుండా బంగాళదుంప పిండి, సగ్గుబియ్యం పిండి కలిపేవారు. కొందరు ఇంకా తెగించారు. 1850ల నాటి పరీక్షల్లో డాక్టర్ ఆర్థర్ హాసల్ కోకోలో ఇటుకపొడి వంటి రంగుమట్టిని కూడా కనిపెట్టారు. క్యాడ్‌బరీలు కూడా లోకాచారం ప్రకారం పిండి కలిపారు. తమ సరుకులో కోకో అయిదో వంతే ఉండేదని తర్వాతి కాలంలో జార్జే చెప్పారు.

హాలండ్‌లో వాన్ హూటెన్ సంస్థ గింజ నుంచి కొవ్వును పిండి తీసే యంత్రం వాడుతోందని విని జార్జ్ అక్కడికి వెళ్లి దాన్ని కొనుక్కొచ్చారు. 1866లో ఏ పిండీ కలపని ‘కోకో ఎసెన్స్’ బజారులోకి వచ్చింది. కల్తీ ఆహారం మీద దేశంలో ఆగ్రహం పెరుగుతున్న సమయమది. స్వచ్ఛత అన్న మాటతో ఆ సరుకు నిలదొక్కుకుంది, కంపెనీ బతికింది. 1875లో బ్రిటన్‌లో గట్టి కల్తీ నిరోధక చట్టం వచ్చింది.

నిజాయితీగా ఉంటే వ్యాపారం పెరుగుతుందని చెప్పడానికి ప్రసంగాల్లో ఇలాంటి ఉదాహరణలే వాడతారు. నాకు అక్కడే అభ్యంతరం. ధర్మమూ లాభమూ ఒకే దారిలో నడిచినప్పుడు ఆ మనిషి దేని వెంట నడిచాడో ఎవరికీ తెలియదు, బహుశా అతనికి కూడా. రెండూ విడిపోయే మలుపు వచ్చినప్పుడే విశ్వాసం బయటపడుతుంది.

తోట ఉన్న ఇల్లు

1879లో అన్నదమ్ములు ఫ్యాక్టరీని ఊరి పొగ నుంచి నాలుగు మైళ్లు దక్షిణంగా పొలాల మధ్యకు తరలించారు. బోర్న్‌విల్ అని పేరు పెట్టారు. ఆటస్థలాలు, ఈత కొలను, వైద్యుడు, దంతవైద్యుడు, శనివారం సగం రోజు సెలవు. 1906లో పింఛను నిధి. 1918లో కార్మికుల ప్రతినిధులతో వర్క్స్ కౌన్సిళ్లు. పెళ్లయిన ఆడవాళ్లు ఉద్యోగం మానేయాలన్న నియమం మాత్రం ఉండేది. ఆ కాలం పరిమితులు వాళ్లకూ ఉన్నాయి.

జార్జ్ దశాబ్దాల పాటు ఆదివారం పొద్దున్నే లేచి బర్మింగ్‌హామ్‌లోని వయోజన పాఠశాలకు వెళ్లి కూలివాళ్లకు చదవడం, రాయడం, బైబిలు నేర్పారు. శిష్యుల ఇళ్లకు వెళ్లేవారు. వెలుతురు చొరబడని గదులు, నలుగురికి ఒకే మంచం చూశారు. ఇలాంటి చోట బతికేవాడికి మంచివాడిగా ఉండమని బోధించి ఏం లాభమనిపించింది. ఆ బాధే బోర్న్‌విల్ గ్రామమైంది. 1893లో ఫ్యాక్టరీ పక్కనే 120 ఎకరాలు కొన్నారు. 1895లో ఇళ్ల నిర్మాణం మొదలైంది. ప్రతి ఇంటికీ తోట, తోటలో పళ్ల చెట్లు. స్థలంలో నాలుగో వంతుకు మించి కట్టడం ఉండకూడదన్న నియమం. సారా దుకాణానికి చోటు లేదు.

అన్నిటికన్నా నాకు నచ్చిన సంగతి వేరే ఉంది. ఆ ఇళ్లను తన ఫ్యాక్టరీ పనివాళ్లకే పరిమితం చేయలేదు జార్జ్. ఇల్లు యజమాని చేతిలో ఉంటే కార్మికుడు నోరెత్తలేడు. ఉద్యోగంతో పాటు గూడూ పోతుందన్న భయం వాడి వెన్ను వంచేస్తుంది. 1900లో మొత్తం ఆస్తిని కంపెనీతో సంబంధం లేని ట్రస్టుకు రాసిచ్చేశారు. ఆ ట్రస్టు ఇవాళ్టికీ నడుస్తోంది. దానం చేసేవాళ్లు చాలామంది ఉంటారు. తన దానంతో ఎదుటివాడిని కట్టిపడేసే వీలు కూడా తనకు లేకుండా చేసుకునేవాళ్లు అరుదు.

సముద్రం అవతల

ఆఫ్రికా పశ్చిమ తీరానికి దూరంగా, సముద్రంలో సావో టోమే, ప్రిన్సిపే అనే చిన్న దీవులున్నాయి. అప్పట్లో పోర్చుగల్ పాలనలో ఉండేవి. 20వ శతాబ్దం మొదట్లో క్యాడ్‌బరీలు కొనే కోకోలో దాదాపు సగం అక్కడి నుంచి వచ్చేది. పోర్చుగల్ చట్టం ప్రకారం బానిసత్వం 1870లలోనే రద్దయింది. కాగితం మీద అక్కడ పనిచేసేవాళ్లంతా అయిదేళ్ల ఒప్పందం మీద వచ్చిన కూలీలు. నిజానికి అంగోలా లోపలి ప్రాంతాల్లో పట్టుకుని, సంకెళ్లు వేసి, వందల మైళ్లు నడిపించి ఓడ ఎక్కించేవారు. ఒప్పందం ముగిసిందని తిరిగి ఊరు చేరినవాళ్లు దాదాపు లేరు.

1901లో జార్జ్ అన్న కొడుకు విలియం చెవిన ఈ సంగతి పడింది. అమ్మకానికి వచ్చిన ఒక తోట ఆస్తుల జాబితాలో పశువులతో పాటు మనుషులకూ వెల కట్టి ఉండటం ఆయన కంట పడింది. 1903లో లిస్బన్ వెళ్లారు. అనుమానముంటే వచ్చి చూసుకోమన్నారు తోటల యజమానులు. జోసెఫ్ బర్ట్ అనే క్వేకర్‌ను ఎంచుకుని, ముందు పోర్చుగీసు భాష నేర్పించి, 1905లో దీవులకు పంపారు. ఆయన అక్కడి నుంచి అంగోలాకు వెళ్లి 1907లో తిరిగొచ్చారు. ఈలోగా పాత్రికేయుడు హెన్రీ నెవిన్సన్ అంగోలా దారుల్లో నడిచి, దారి పక్కన పడి ఉన్న సంకెళ్లను, ఎముకలను కళ్లారా చూసి, 1906లో ‘ఎ మోడరన్ స్లేవరీ’ అనే పుస్తకం అచ్చువేశారు. బర్ట్ నివేదిక కూడా అదే సంగతి చెప్పింది.

అయినా కొనుగోలు ఆగలేదు. ఒక్కసారిగా మానేస్తే ఆ సరుకును ఇంకొకరు కొంటారు, పోర్చుగల్‌తో మాట్లాడే పట్టు మనకు పోతుంది అన్నది విలియం లెక్క. బ్రిటిష్ విదేశాంగ శాఖ కూడా ఓపిక పట్టమంది. దక్షిణాఫ్రికా గనులకు పోర్చుగీసు మొజాంబిక్ నుంచి కూలీలు కావాలి కాబట్టి పోర్చుగల్‌ను నొప్పించడం దానికిష్టం లేదు. ఇదే సమయంలో జార్జ్ క్యాడ్‌బరీ నడిపించే ‘డైలీ న్యూస్’ పత్రిక, దక్షిణాఫ్రికా గనుల్లో చైనా కూలీల దుస్థితి మీద నిప్పులు చెరిగేది. 1908 సెప్టెంబరులో ‘స్టాండర్డ్’ ఎత్తిపొడిచింది సరిగ్గా దీన్నే. చివరికి 1909 మార్చిలో క్యాడ్‌బరీ, ఫ్రై, రౌన్‌ట్రీ కంపెనీలు ఆ దీవుల కోకోను బహిష్కరించాయి.

దావాలో జ్యూరీ క్యాడ్‌బరీ పక్షానే తీర్పు చెప్పింది. నష్టపరిహారం మాత్రం ఒక్క ఫార్దింగ్ ఇమ్మంది. ఫార్దింగ్ అంటే పెన్నీలో నాలుగో వంతు. మన దమ్మిడీ వంటి నాణెం. గెలిపించి కూడా ఆ గెలుపు విలువ ఎంతో చెప్పింది జ్యూరీ.

విలియం దొంగ కాదు. ఎనిమిదేళ్లూ ఉత్తరాలు రాశారు, మనిషిని పంపారు, 1908లో స్వయంగా ఆఫ్రికా వెళ్లారు. చేసినదంతా నిజాయితీతోనే చేశారని నేను నమ్ముతున్నాను. కానీ ఆయన ఎంచుకున్న నిదానానికి వెల ఆయన కట్టలేదు. వెల కట్టినవాళ్లు ఆ ప్రార్థన గదిలో లేరు. బర్మింగ్‌హామ్ మురికివాడలో నలుగురికి ఒకే మంచం చూసి జార్జ్ కదిలిపోయారు. సావో టోమే తోటల్లో ఎవరు ఎలా పడుకుంటున్నారో కుటుంబంలో ఎవరూ చాలా ఏళ్లు వెళ్లి చూడలేదు. పెద్దలు ఇంటికొచ్చి అప్పుల సంగతి అడిగే ఆ సంఘం కూడా ఇంకో ఖండంలో తోట లెక్క అడగాలనుకోలేదు. అప్పు తీర్చాడా అన్నది దాని పాత ప్రశ్న. సరుకు ఎక్కడి నుంచి వచ్చిందన్నది కొత్త ప్రశ్న.

ఆ తర్వాత క్యాడ్‌బరీలు గోల్డ్‌కోస్ట్‌లో, అంటే నేటి ఘనాలో, చిన్న రైతుల నుంచి కొనడం మొదలుపెట్టారు. 1962లో కంపెనీ షేర్లు బహిరంగ మార్కెట్‌కు వచ్చాయి. 2010లో అమెరికా సంస్థ క్రాఫ్ట్ దాన్ని కొనేసింది. ఘనా, ఐవరీకోస్ట్ కోకో తోటల్లో బాలకార్మికుల సమస్య మీద చాక్లెట్ పరిశ్రమ 2001లో ఒప్పందం చేసుకుని 2005 గడువు పెట్టుకుంది. ఆ గడువు దాటిపోయింది, తర్వాత పెట్టుకున్నవీ దాటిపోయాయి.

మన గోదావరి ఒడ్డున

ఇదంతా ఎక్కడో జరిగిందనుకోనక్కర్లేదు. దేశంలో కోకో ఎక్కువ పండేది ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లోనే. ఏలూరు, పశ్చిమ గోదావరి ప్రాంతాల్లో కొబ్బరి, పామాయిల్ తోటల నీడలో అంతరపంటగా వేస్తారు. కాయ కోసి, గింజను కొన్ని రోజులు మురగబెట్టి, ఎండబెట్టి అమ్ముతారు. కొనేది కొద్ది కంపెనీలు, అమ్మేది వేలమంది రైతులు. 2025లో గిట్టుబాటు ధర కోసం ఆ రైతులు రోడ్డెక్కారు.

ఇంతకన్నా పాత కథ నరసాపురం లేసు. 19వ శతాబ్దంలో మిషనరీ మహిళలు పేద క్రైస్తవ స్త్రీలకు లేసు అల్లిక నేర్పారు. ఇంటి గడప దాటకుండా నాలుగు డబ్బులు వస్తాయన్న దయతోనే మొదలైంది. తర్వాత ఇతర కులాల స్త్రీలూ నేర్చుకున్నారు, విదేశాలకు ఎగుమతి పెరిగింది, ఏజెంట్లు, ఎగుమతిదారులు వచ్చారు. జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ 1982లో ఈ స్త్రీల మీద పుస్తకం వెలువరించారు. రోజంతా కళ్లు చిట్లించుకుని అల్లిన స్త్రీకి దక్కేది వ్యవసాయ కూలి కన్నా తక్కువని, పైగా ఆమెను ఎవరూ కార్మికురాలిగా లెక్కలోకే తీసుకోలేదని ఆమె చూపించారు. ఇంట్లో ఊరికే కూర్చునే ఆడది తీరిక వేళ చేసే పని అన్న ఒక్క మాటతో కూలి తగ్గిపోయింది. 2024లో ఆ లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. గుర్తింపు లేసుకు వచ్చింది. అల్లే చేతి కూలి గురించి అందులో ఏమీ లేదు.

సావో టోమే కూలీ సముద్రం అవతల ఉండి కనబడలేదు. లేసు అల్లే ఈ తల్లి పక్క వీధిలో, తలుపు అవతల ఉండి కనబడలేదు.

ఇంతకీ మన క్రైస్తవ వ్యాపారులు ఏం చేయాలి? పెద్దపెద్ద పనులు అక్కర్లేదు. చిన్న సంస్థలు పంపిన సరుకుకు 45 రోజులు దాటకుండా డబ్బు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. పొద్దు గుంకేలోగా కూలి ఇమ్మన్న వాక్యం ముందు 45 రోజులు చాలా పెద్ద వెసులుబాటు. అదైనా పాటిస్తున్నామా? షాపులో సేల్స్ అమ్మాయి పది గంటలు నిలబడే ఉంటుందా, కూర్చోవడానికి స్టూలు ఉందా? గోడౌన్‌లో బస్తాలు మోసే మనిషికి భవిష్యనిధి కడుతున్నామా? చీటీలో రాసిన జీతం, చేతిలో పెట్టిన జీతం ఒకటేనా? ఆసుపత్రులు, స్కూళ్లు నడిపే సంఘాలు కూడా తమ ఆయాలకు, టీచర్లకు సంబంధించి ఇవే ప్రశ్నలు వేసుకోవాలి.

సంఘ పెద్దలకు, పాస్టరు గార్లకు ఒక మనవి. విశ్వాసి దశమ భాగం తెచ్చి పెట్టెలో వేసినప్పుడు మనం ఆశీర్వదించి పంపేస్తున్నాం. మిగతా తొమ్మిది వంతుల గురించి ఎవరూ ఏమీ అడగడం లేదు. అడగండి. క్వేకర్ పెద్దల్లా ఇంటికి వెళ్లి, ప్రేమతోనే అడగండి. మీ దగ్గర అందరికన్నా తక్కువ జీతగాడికి ఈ నెల ఏ తేదీన జీతం అందింది, మీ సరుకు తయారుచేసేవాళ్లను మీరు ఆఖరుసారి ఎప్పుడు వెళ్లి చూశారు అని. ఆదివారం ఆరాధనకు వచ్చే ఒక వ్యాపారి, పక్క బెంచీలో కూర్చునే అతని పనివాడు, ఇద్దరూ మీ సంఘంలోనే ఉంటారు. వచ్చే ఆదివారం ఆరాధన ముగిశాక ముందు ఆ పనివాడితో మాట్లాడండి.